బాణం కార్డా, చుక్క కార్డా

మా మామయ్యను మోసం చేయగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాట మామయ్యే రోజుకు ఒకసారైనా చెబుతాడు. ఆ మంగళవారం పొద్దున ఏడున్నరకు కూడా చెప్పాడు. ఎనిమిదికల్లా మోసపోయాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు తూనికలు, కొలతల శాఖలో తనిఖీ అధికారిగా చేసి, కిందటేడు రిటైరయ్యాడు. ఊళ్లో ఆయన చూడని త్రాసు లేదు, జరిమానా వేయని వీధి లేదు. ఉద్యోగం అయిపోయింది కానీ అనుమానం అయిపోలేదు. ఇంట్లో ఒక త్రాసు ఉంది. అది సరిగ్గా తూస్తోందో లేదో చూడటానికి రెండో త్రాసు ఉంది. ఈమధ్య ఆ రెండోదాని మీద కూడా నమ్మకం తగ్గింది.

అత్తయ్య కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఇరవై రెండేళ్లుగా వెనక గదిలో మిషను ముందు కూర్చుని ఊరందరికీ దూరపు చూపు ఇచ్చింది. తనకు మాత్రం ఎదురుగోడ తప్ప ఏమీ కనిపించలేదు, ఆ గదికి కిటికీ లేదు కాబట్టి. ఇన్నాళ్లకు పది రోజుల సెలవు దొరికింది. నాలుగు దేశాల రేవులు తిప్పి తీసుకొచ్చే ఓడలో ఇద్దరికి ఒక గది చూసుకుంది. గదికి సముద్రం కనిపించే కిటికీ ఉంటుంది. అలాంటివన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది. ప్రయాణాల ఆఫీసువాళ్లు దాన్ని మంగళవారం నాలుగింటి దాకా ఆపుతామన్నారు. డబ్బు కార్డు మీదే కట్టాలన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. మామయ్యకు ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద బాణం గుర్తు, ఇంకోదాని మీద చుక్క గుర్తు. బ్యాంకుకూ దుకాణానికీ మధ్య డబ్బు చేరవేసే రెండు వేరువేరు కంపెనీల గుర్తులవి. ఇంటి ఖర్చుకు ఏది వాడాలి, పరాయి దేశంలో ఏది వాడాలి అని మామయ్య పదకొండు రోజులుగా నోటుబుక్కులో గీతలు గీస్తున్నాడు. ఏ దేశంలో ఏది చెల్లుతుంది, డబ్బు మార్చినందుకు ఎవరెంత పట్టుకుంటారు, కార్డు పోతే ఎవరు ముందు ఫోనెత్తుతారు, అన్నీ రాశాడు. చివరికి బ్యాంకువాళ్లను అడిగితే, "రెండూ ఒకటే సార్" అన్నారు.

"రెండూ ఒకటే అయితే రెండెందుకున్నాయే?" అన్నాడు మామయ్య ఆ పొద్దున కాఫీ తాగుతూ.

"పదింటికి వెళ్లి ఏదో ఒకదాని మీద కట్టేసి రండి, బాబూ" అంది అత్తయ్య చెప్పులేసుకుంటూ. "గది పోయిందంటే మాత్రం ఊరుకోను. చెప్పానుగా."

ఆమె పనికి వెళ్లిపోయింది. నేను వాళ్ల పైగదిలో ఉంటాను. అక్కడే కూర్చుని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఆ రోజు వేయాల్సినవన్నీ అయిపోయి నా చేతులూ నోరూ ఖాళీగా ఉన్నాయి.

"మామయ్యా, బాణం కార్డుకైతే ప్రతి దుకాణంలోనూ కాస్త ఎక్కువ తీస్తారట కదా?" అన్నాను.

మామయ్య కప్పు కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

అందరూ అంటే ఎవరని ఆయన అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు తనిఖీ మొదలైంది. సాక్షి లేని తనిఖీ చెల్లదని మామయ్య నా చేతికో సంచీ ఇచ్చి వెంట తీసుకెళ్లాడు. పద్ధతి ఆయన ఉద్యోగంలో ఉన్నప్పటిదే: ఒకే వస్తువు రెండు కొనాలి, ఒకటి బాణం మీద, ఇంకోటి చుక్క మీద. తర్వాత రసీదులు పక్కపక్కన పెట్టి చూడాలి.

పెన్సిళ్ల దుకాణంలో అమ్మాయి నవ్వుతూ, "రెండూ కలిపి కొట్టేస్తా సార్" అంది.

"కలపకు. విడివిడిగా, రెండు కార్డుల మీద."

"రెండూ మీవే కదా సార్?"

"నావి కాకపోతే నీకిస్తానా? నువ్వు అటు తిరుగు, నంబరు నొక్కుతున్నా."

అమ్మాయి అటు తిరిగింది. చాలదని నన్నూ తిప్పించాడు. గోడ మీద క్యాలెండరులో నవ్వుతున్న మనిషిని చూసి, దాన్ని కూడా తిప్పేశాడు.

రెండు పెన్సిళ్లు, రెండు సబ్బులు, రెండు దువ్వెనలు, రెండు తాళాలు, రెండు బూట్ల బ్రష్షులు. నలభై నిమిషాల్లో పదకొండు దుకాణాలు. కవల పిల్లలు కొత్త కాపురం పెట్టుకోవడానికి కావాల్సినవన్నీ నా సంచీలోకి వచ్చేశాయి. ఇరవై రెండు రసీదులూ మామయ్య బల్ల మీద పరిచినట్టు ఒక అరుగు మీద పరిచాడు. ఎక్కడా పైసా తేడా లేదు. ఇక ఇంటికి పోవచ్చనుకున్నాను.

"చూశావా?" అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. "అసలు తేడానే లేదు."

"మంచిదేగా మామయ్యా?"

"పిచ్చిదానా! నిజమైన తూకంలో వెంట్రుకంతయినా తేడా ఉంటుంది. బొత్తిగా లేదంటే ఎవరో తూకం రాయిని అరగదీసినట్టే. వీళ్లందరూ కూడబలుక్కున్నారు."

అప్పుడే ఫోను మోగింది. "నమస్కారం సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ రెండు కార్డుల మీద అనుమానంగా కొన్ని..."

"ఆహా!" అని మామయ్య పెట్టేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ పెట్టేశాడు. మూడోసారి ఎత్తి నాకు కన్నుగీటాడు.

"ఏమ్మా, నువ్వు నిజంగా బ్యాంకేనా?"

"అవును సార్."

"అయితే నా ఖాతాలో ఎంతుందో చెప్పు."

"ఫోనులో అది చెప్పకూడదు సార్."

"దొరికిపోయావ్! నీలాంటివాళ్లను వందమందిని చూశా. కష్టపడి బతకడం నేర్చుకో తల్లీ."

ఆ తల్లి ఫోను పెట్టేసి, చేయాల్సిన పని చేసింది. పన్నెండో దుకాణం మేకులదీ బోల్టులదీ. దాని యజమానికి మామయ్య తన ఉద్యోగంలో మూడుసార్లు జరిమానా వేశాడు. ఆయన బాణం కార్డు గీశాడు, మిషను ఎర్రగా కూసింది. చుక్క కార్డు గీశాడు, ఇంకా గట్టిగా కూసింది. ఆయన తెరను ఒకసారి చదివాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, ఆ ఆనందం కోసమే మళ్లీ చదివాడు.

"ఈ కార్డులు తిరిగి ఇవ్వొద్దంటోంది సార్. స్వాధీనం చేసుకోమంటోంది."

"ఏమిటయ్యా నువ్వనేది?"

"నేననడం లేదు సార్, మిషనంటోంది. రూలు రూలే కదండీ, మీరే చెప్పేవారు. రసీదు ఇమ్మంటారా?"

రసీదు ఇచ్చాడు. రెండు ప్రతులు రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశాడు. ముద్ర వేసేటప్పుడు ఆయన పెదాలు వణికాయి, ఏడుపుతో కాదు.

బ్యాంకులో మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. అక్కడి అధికారిణి పెద్ద తెరలో మా పొద్దుటి ఊరేగింపు అంతా చూస్తోంది.

"పెన్సిలు, సబ్బు, దువ్వెన... పదకొండు దుకాణాలు, నలభై నిమిషాలు. ఈ పద్ధతి మాకు బాగా తెలుసండీ. దొంగిలించిన కార్డు పనిచేస్తోందా లేదా అని ఇలాగే చిన్నచిన్నవి కొని చూస్తారు."

"నేను దొంగనా? నేను తనిఖీ చేస్తున్నానమ్మా!"

"వాళ్లూ అదే చేస్తారండీ. సరే, మీరు మీరేనని తేల్చుకుందాం. ఖాతా తెరిచినప్పుడు మూడు రహస్య ప్రశ్నలకు జవాబులు రాశారు. మీరు చదివిన మొదటి బడి ఏ వీధిలో ఉండేది?"

మామయ్య చెప్పాడు. తప్పంది. ఇష్టమైన రంగు చెప్పాడు. అదీ తప్పే. పుట్టిన నెల చెప్పాడు. ఆమె తెర వైపు, ఆయన వైపు చూసి, బల్ల కింద ఉన్న బొత్తాం మీద వేలు పెట్టింది.

"మీరు పుట్టిన నెల మీకు తెలీదా?"

మామయ్య చెమట తుడుచుకున్నాడు. "తెలుసు. నిజం రాస్తే ఎవడైనా కనుక్కుంటాడని... మూడూ అబద్ధాలు రాశాను."

"ఏం రాశారో చెప్పండి మరి."

"గుర్తుంటే ఇంతసేపు ఎందుకు కూర్చుంటానమ్మా?"

గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నేను బయటికొచ్చి అత్తయ్యకు ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. అంతా అంటే, ఎనిమిది తర్వాతది.

పది నిమిషాల్లో వచ్చింది. పని గౌను కూడా విప్పలేదు, మోచేతుల దాకా తెల్లటి అద్దాల పొడి. మామయ్య వైపు చూడకుండా సరాసరి అధికారిణి ముందు కూర్చుంది.

"బడి దగ్గర మా పుట్టింటి వీధి రాసుంటారు. రంగు అడిగితే, తనకు అస్సలు నచ్చనిది ఊదా, అదే రాసుంటారు. పుట్టిన నెలకు రెండు కలుపుతారు. ఎప్పుడూ రెండే."

మూడూ సరిపోయాయి.

"నీకెలా తెలుసే?" అన్నాడు మామయ్య, నిజంగానే భయపడి.

"ఇరవై ఏడేళ్లుగా ఆ అబద్ధాలతోనేగా కాపురం చేస్తున్నాను!"

నేను హమ్మయ్య అనుకున్నాను. అధికారిణి అనుకోలేదు. "అంటే మీ రహస్య జవాబులు ఇంకొకరికి తెలుసన్నమాట" అంది. "అలా బయటపడితే రెండు కార్డులూ రద్దు చేయాల్సిందే. కొత్తవి వారం పది రోజుల్లో ఇంటికే వస్తాయి. ఎవరో ఒకరు ఉండి తీసుకోవాలి."

ఆ కాగితాల మీద సంతకాలయ్యేసరికి మూడున్నర దాటింది. అత్తయ్య మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని నడిచింది. ఆమె వేగం అందుకోలేక మామయ్య సగం దూరం పరుగెత్తాడు. నేను సంచీలో తాళాలూ సబ్బులూ గలగలలాడించుకుంటూ వెనక పడ్డాను.

ప్రయాణాల ఆఫీసులో అడుగుపెట్టేసరికి మూడూ యాభై రెండు. బల్ల ముందు ఒక కొత్త జంట అదే గది బొమ్మ చూస్తూ కూర్చుని ఉంది. అబ్బాయి గడియారం చూసుకుంటున్నాడు. అత్తయ్య వాళ్లిద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి బల్ల మీద ఒక కార్డు పెట్టింది.

"కిటికీ గది. ఇద్దరికి."

మిషను పచ్చగా వెలిగి, కాగితం కక్కింది. అంతే. పదకొండు రోజుల నోటుబుక్కు అక్కడితో ముగిసింది.

మామయ్య ఆ కార్డును రెండు వేళ్లతో ఎత్తాడు. "ఇదెవరిది?"

"నాది. ఆరేళ్లయింది."

"బాణమా, చుక్కా?" అని తిప్పి చూశాడు. "గొడుగు! ఈ గొడుగెవరు? ఏయే దేశాల్లో చెల్లుతుందో కనుక్కున్నావా?"

"నేను గుర్తు చూడలేదండీ. అద్దాలు అరగదీసే మిషనుకు కావాల్సిన చక్రాలు బయటి దేశాల నుంచి దీని మీదే తెప్పిస్తాను. పనిచేయకపోతే అప్పుడు చూద్దామనుకున్నా. ఆరేళ్లుగా చూడాల్సిన పని పడలేదు."

మామయ్య ఇంకో ప్రశ్న అడగకుండా కార్డును ఆమె చేతిలో పెట్టాడు. నాకు తెలిసి అదే మొదటిసారి. తర్వాత అత్తయ్య టిక్కెట్లు మడుస్తూ, మామూలుగా అడిగింది.

"ఇంతకీ బాణానికి ఎక్కువ తీస్తారని మీతో చెప్పిందెవరు?"

"అందరూ అంటున్నారటే."

"అందరూ అంటే?"

మామయ్య వేలు నా వైపు తిరిగింది.

"మా ఆఫీసులో..." అని మొదలుపెట్టాను.

"నీకు ఆఫీసెక్కడుందే?" అంది అత్తయ్య. " నువ్వుండేది మా పైగదిలో!"

"అంటే... అక్కడ అందరూ..."

"అక్కడుండేది నువ్వొక్కదానివే."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఒప్పుకున్నాను: ఎవరూ అనలేదు, నేనే అన్నాను. మామయ్య ఒక దుకాణానికి వెళ్లి, రెండు పెన్సిళ్లు కొనుక్కుని వచ్చేస్తాడనుకున్నాను.

"నవ్వొచ్చిందా?" అంది అత్తయ్య.

"పదకొండో దుకాణం దాకా వచ్చింది."

మామయ్య మొహం చూసి కాస్త సిగ్గేసింది. అత్తయ్య చేతులు చూస్తే బాగా సిగ్గేసింది. అద్దాల పొడి అంటిన ఆ వేళ్లు టిక్కెట్లను ఇంకా వదల్లేదు. ఎనిమిది నిమిషాల్లో పోవాల్సిన కిటికీ అది.

"కొత్త కార్డులు తీసుకోవడానికి నేనుండిపోతాను" అన్నాడు మామయ్య. "ఈ పని ఎవర్నీ నమ్మి అప్పజెప్పలేం. దీన్ని నీతో తీసుకెళ్లు" అని నన్ను చూపించాడు.

"మీరు నాతో వస్తున్నారు" అంది అత్తయ్య. "ఇది ఉంటుంది. వారం కాదు, పది రోజులైనా సరే, గడప దాటదు."

మామయ్య నన్ను పైనుంచి కిందికి ఒకసారి తూచాడు. "అదీ నిజమే. నన్నే మోసం చేసిందంటే, దీన్ని దాటి ఇంకెవడూ లోపలికి రాలేడు."

వాళ్లు వెళ్లి ఈరోజుకు ఏడో రోజు. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఇది రాస్తున్నాను. అత్తయ్య కిటికీ ఫొటోలు పంపుతోంది. ఒకటి తప్ప అన్నింట్లోనూ సముద్రమే ఉంది. ఆ ఒక్కదాంట్లో మామయ్య కిటికీ అద్దం ఎంత మందమో టేపుతో కొలుస్తున్నాడు.

ఇందాక కార్డులు తెచ్చిన మనిషి వచ్చాడు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగి, కవరు మళ్లీ సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా వాలకం చూస్తే అనుమానంగా ఉందట.