కార్గోకెక్కిన కుట్టుమిషను

ఆ శుక్రవారం పొద్దున బుడేన్ సాహెబ్ ఒక మంచి పని చేద్దామనుకున్నాడు. ఆయన మంచి పని తలపెట్టాడంటే భార్య మున్నీబీకి గుండె దడ. అందుకే ఆమెకు చెప్పలేదు.

ప్రొద్దుటూరు నుంచి గల్ఫుకు వచ్చి బనియాస్‌లో స్కూలు బస్సు నడుపుతున్న బుడేన్ సాహెబ్ అయిదో తరగతితో బడి మానేశాడు. లోకమంతా తనను చిన్నచూపు చూస్తోందని అప్పటినుంచీ ఆయన అనుమానం. లోకానికి అంత తీరిక లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మున్నీబీ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఊరి నుంచి తెచ్చుకున్న నల్లటి చేతిమిషను పిడి తిప్పుతుంటే జార్జెట్ మీద కుట్టు చీమల బారులా సాగిపోయేది. ఆ చేతిని చూస్తూ బుడేన్ సాహెబ్ టీ చల్లార్చుకునేవాడు. పైకి మాత్రం "ఇంగా ఆ పిడి తిప్పుడేనా?" అని విసుక్కునేవాడు. మెచ్చుకోవడం నేర్పే తరగతికి ఆయన చేరనేలేదు.

మున్నీబీ చాన్నాళ్లుగా అడుగుతున్నది రెండే వస్తువులు. "కత్తెర మొద్దుబారిపోయిందయ్యా. కుట్లు ఇప్పే రిప్పరు లేక బ్లేడుతో తంటాలు పడతాండా."

కత్తెర కొనిపెట్టిన మొగుణ్ణి ఎవరు లెక్కచేస్తారు? ఫ్యాక్టరీలుండే సజ్జా ఏరియాలో మూతబడిన ఒక బట్టల ఫ్యాక్టరీలో కరెంటు మిషన్లు అమ్మేస్తున్నారని ఏసీలు బాగుచేసే అయూబ్ చెప్పగానే, బుడేన్ సాహెబ్ ఒకటి మాట్లాడేసుకున్నాడు.

ఆ రోజే పైఅంతస్తు ఫాతిమాబీ కూతురు తహ్మీనా నిఖా. పెళ్లికూతురి కమీజుకు చేతులు అతికించడం ఒక్కటే మిగిలింది. అది సాయంత్రం నమాజులోపు అందకపోతే ఆ బిల్డింగులో మున్నీబీకి మళ్లీ గుడ్డముక్క ఇచ్చేవాళ్లుండరు. గాజులు వేశాక చేతి కొలత ఒకసారి చూసుకుందామని ఆమె టేపు పట్టుకుని పైకి వెళ్లింది.

బుడేన్ సాహెబ్ నడుం బిగించాడు. ఊళ్లో ఉన్న చెల్లెలికి ఓడలో పంపే కార్గో పెట్టెలో కాస్త చోటుంది. పాలపొడి డబ్బాలకూ దుప్పట్లకూ మధ్య పాత మిషనును మూతతో సహా దించాడు. కత్తెరా, బాబిన్ల డబ్బా కూడా అందులోనే సర్దాడు. పెట్టె మీద పేరు రాసి, పైన గోనెపట్టా చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టాడు. కార్గో వ్యాను వచ్చి తీసుకుపోయింది. అది సందు తిరుగుతుండగానే అయూబ్ పికప్‌లో కొత్త మిషను దిగింది.

మిషను కాదది, ఇనప బల్లకు కట్టేసిన ఎద్దు. దాని తీగ చివర ఉన్న ప్లగ్గు ఇంట్లో ఏ సాకెట్టులోనూ పట్టలేదు.

"ఇది ఫ్యాక్టరీ ప్లగ్గు రా. ఇప్పుడెట్లా?"

"ఏసీ లైనుకు కలిపేస్తా బుడేన్ భాయ్. కరెంటుకు కరెంటే గదా, యల్లా, కానీ!" అన్నాడు అయూబ్.

ఢామ్మని చప్పుడైంది. బిల్డింగంతా ఏసీల మోత ఆగిపోయింది. ఆగస్టు ఎండలో ఆ నిశ్శబ్దం కంటే భయంకరమైనది లేదు. నిమిషంలో మెట్ల నిండా జనం. బనియన్ల మీద కొందరు, సగం గడ్డం గీసుకుని ఒకాయన. వాళ్లను తోసుకుంటూ మున్నీబీ దిగివచ్చింది. ఇనప బల్ల వైపు ఒకసారి చూసింది. పాత మిషను ఉండే చోటును చాలాసేపు చూసింది.

"నా మిషను యాడ?"

"ఊరికి పంపించినా. నీకు కొత్తది తెచ్చినా సూడు!" బుడేన్ సాహెబ్ గొంతులో ఇంకా కొంచెం గర్వం మిగిలే ఉంది.

"దాని మూత?"

"మూత లేకుండా ఎవరన్నా పంపిస్తారా?"

మున్నీబీ చేతిలోని టేపును నేలకేసి కొట్టింది. "దుమ్ము పడకుండా తహ్మీనా కమీజు ఆ మూతలోనే మడిచిపెట్టినా."

ఆ గర్వం కాస్తా అక్కడితో ఖలాస్.

కరెంటు పోగొట్టిన ఆ ఎద్దును మెట్ల మీది జనమే మోసుకెళ్లి మళ్లీ పికప్ ఎక్కించేశారు. దాంతోపాటే ముగ్గురూ కార్గో ఆఫీసుకు పరిగెత్తారు. ఆఫీసు యజమాని నెల్లూరు వెంకట్రావు కంటైనరు ఎక్కించే తొందరలో ఉన్నాడు.

"పేరు చెప్పు సాబ్, తీసిస్తా."

"పేరు పెట్టె మీద రాసి, దాని మీద గోనె కుట్టినా."

వెంకట్రావు మూలనున్న గుట్టను చూపించాడు. "నువ్వొక్కడివే అనుకున్నావా? పేరు లోపల దాచిపెట్టి పైన గోనె కుట్టినోళ్లవన్నీ అవే. ఒక్కోటి విప్పితే కంటైనరు వెళ్లిపోద్ది."

మున్నీబీ గుట్ట చుట్టూ తిరిగింది. పెట్టెల సైజు చూడలేదు. కుట్లు మాత్రమే చూసింది. ఒక మూట దగ్గర ఆగింది. ఒక కుట్టు బెత్తెడు, పక్కది గోరంత, తర్వాతది ఎటుపోవాలో తెలియక వెనక్కి తిరిగింది.

"ఇదే."

"ఎట్లా తెల్సు?" అన్నాడు బుడేన్ సాహెబ్.

"పెండ్లయినప్పట్నుంచీ నువ్వు కుట్టుకున్న గుండీలు పీకి మళ్లా కుడతాండేది ఎవరు? నీ కుట్టు నాకు తెలీదా?"

వెంకట్రావు కత్తి తీశాడు. "వద్దన్నా, లోపల పెండ్లి బట్టలుండాయి" అని మున్నీబీ పురికొస కొసను పట్టి లాగింది. కుట్టంతా జరజరా ఊడి గోనె దానంతటదే విచ్చుకుంది. బుడేన్ సాహెబ్ ముడి వేయడం మరిచిపోయాడు.

"ముడి మరిస్తే మరిచినావు గానీ, ఈ పొద్దు అదే కాపాడింది" అంది మున్నీబీ.

ఇంటికి పోతే చీకటి, ఉక్క. ఆమె కార్గో తూచే బల్ల మీదే మిషను పెట్టి పిడి తిప్పడం మొదలుపెట్టింది. మూటలు మోసేవాళ్లు మోయడం మానేశారు. తొందరలో ఉన్న వెంకట్రావు కూడా తొందర మరిచాడు. మొద్దు కత్తెరతోనే, ఒక్క పోగు లేవకుండా, చేతులు రెండూ కమీజుకు అతుక్కున్నాయి. మధ్యలో ఒక కుట్టు తప్పింది. బ్లేడుతో దాన్ని విప్పుతూ ఆమె ఊపిరి బిగబట్టింది. బుడేన్ సాహెబ్ కూడా ఊపిరి బిగబట్టాడు. ఆమె రిప్పరు ఎందుకు అడిగేదో ఆయనకు అప్పుడు తెలిసింది.

కమీజు సర్దుకుంటుంటే వెంకట్రావు పికప్ వైపు చూశాడు. "ఆ మిషనేందమ్మా?"

అయూబ్ అందుకున్నాడు. "జీన్సు ప్యాంట్లు కుట్టేదన్నా. గోనె కూడా నమిలేస్తుంది."

"మాకు ఫ్యాక్టరీ కరెంటు లైనుంది. ఇక్కడ దించెయ్. మరి పెడలు తొక్కేదెవరు?"

"మా ఆయన తొక్కుతాడు" అంది మున్నీబీ. "బదులుగా నాకొక మంచి కత్తెర, ఒక రిప్పరు తెప్పియ్యన్నా. అంతే సాలు."

తహ్మీనా ఆ కమీజులోనే నిఖాకు కూర్చుంది. అతుకు ఎక్కడుందో ఆడవాళ్లు వెతికి వెతికి వదిలేశారు. బుడేన్ సాహెబ్ మాత్రం మగవాళ్ల వైపు నిలబడి, ఎవరూ అడక్కుండానే, "మా ఇంటిదే కుట్టింది" అని అందరికీ చెప్పాడు. బిల్డింగు వాచ్‌మన్‌కు రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు శుక్రవారాలు కార్గో ఆఫీసులో గోనెలు కుట్టేది ఆయనే. ఆయన కుట్టిన మూటల మీద కుట్టినవాడి పేరు రాయాల్సిన అవసరం లేదని వెంకట్రావు అంటున్నాడు.