గోడ మీది ఇంగ్లీషు మాస్టారు

పిల్లలకు ఇంగ్లీషు గ్రామరూ, వొకాబ్యులరీ చక్కగా అబ్బాలంటే చేయవలసింది ఒక్కటే. ఇంగ్లీషు మాస్టారిని బడి ఛాయలకు రానివ్వకూడదు!

నవ్వకండి. అరకు దాటి ఘాట్ రోడ్డు మలుపుల్లో కొంత దూరం పోతే ఒక హైస్కూలుంది. అందులో తొమ్మిదో తరగతి చదివే రాజకుమారిని అడిగి చూడండి. ఆ బడికి ఇంగ్లీషు మాస్టారు లేకపోలేదు, నిక్షేపంలా ఉన్నారు. పేరు కామేష్. కాకపోతే ఉద్యోగంలో చేరిన వారానికే డెప్యుటేషన్ మీద కొండ దిగి ఏదో ఆఫీసుకు వెళ్ళిపోయారు. మూడేళ్ళుగా జీతం ఈ బడి పేరున, కుర్చీ ఆ ఆఫీసులో.

హెడ్మాస్టరు సోమన్న గారు మాత్రం తక్కువవారా? టీచర్ల ఫొటోలు గోడ మీద ఉండాలని పైనుంచి ఆర్డరు వస్తే, కామేష్ గారి ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తొమ్మిదో తరగతి గోడకు తగిలించారు. పక్కనే లెక్కల మాస్టారి ఫ్రేము, ఆయనా డెప్యుటేషన్ మీదే. ఇంగ్లీషు పీరియడు బెల్లు కొట్టగానే పిల్లలంతా లేచి ఫొటోకు గుడ్ మార్నింగ్ చెబుతారు. మధ్యాహ్నం పీరియడైనా గుడ్ మార్నింగే. తప్పని దిద్దడానికి ఫొటోకు నోరెక్కడిది?

ఇంతటి శాంతమూర్తి మీ కాన్వెంట్లలో ఒక్కరున్నారా? తిట్టరు, కొట్టరు, హోంవర్కు ఇవ్వరు! టీచర్స్ డే నాడు పిల్లలు భక్తి కొద్దీ ఆ ఫొటోకు బంతిపూల దండ వేశారు. అది చూసి ఆరో తరగతివాళ్ళు మాస్టారు పోయారనుకుని లేచి మౌనం పాటించారు. సోమన్న గారు పరుగున వచ్చి దండ తీయించారు గాని, ఆరో తరగతికి ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇక వొకాబ్యులరీ అంటారా? అది టూరిస్టుల దయ. రోడ్డు పొడవునా బోర్డులే! హోంస్టే, టెంట్, క్యాంప్‌ఫైర్, సెల్ఫీ పాయింట్... బడి పరీక్షలో 'మై విలేజ్' అని వ్యాసం రాయమంటే రాజకుమారి ఏం రాసిందో తెలుసా? మా ఊరిలో పార్కింగ్ ఉచితం, వేడినీళ్ళు ఇరవై నాలుగు గంటలూ లభించును, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు అని అచ్చమైన ఇంగ్లీషులో రాసింది. స్పెల్లింగులో ఒక్క తప్పు లేదు. వాళ్ళ ఊళ్ళో చన్నీళ్ళకైనా బిందె పట్టుకుని కింద పారే గెడ్డ దాకా నడవాలన్నది వేరే సంగతి.

ఇంత పాండిత్యాన్నీ పదో తరగతి పరీక్ష పేపరు గుర్తించడం లేదు, అదీ దాని కుళ్ళుబోతుతనం! నిరుడు రాజకుమారి అప్ప స్వర్ణ అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి ఇంగ్లీషులో పోయింది. ఇంటర్ చదివి నర్సునవుతానన్న పిల్ల, తల్లి వెంట కాఫీ తోటలకు కూలికి పోతోంది. వచ్చే ఏడు రాజకుమారి వంతు. తనకూ అదే గతి పడుతుందని ఆ పిల్లకు గుండెల్లో దడ. ఇన్ని వరాలుండగా దడ దేనికో!

ఇంతలో కొండ ఊళ్ళలో చైత్రమాసంలో చేసుకునే ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పెట్టందే గేటు లేవదు. కలెక్టరు బండికైనా అదే రూలు.

ఆ రోజు గేటు దగ్గర రాజకుమారి, ఆమె క్లాసు ఆడపిల్లలు ఉన్నారు. ఒక తెల్లకారు వచ్చి ఆగింది. రాజకుమారి వంగి లోపలికి చూసింది. స్టీరింగు వెనక గోడ మీది మొహం! అదే మీసం, అదే పక్కపాపిడి.

"సారూ, మీరు బతికే ఉన్నారేటి?" అంది.

అరకు చూడ్డానికి సకుటుంబంగా వచ్చిన కామేష్ గారు తడబడి పర్సు తీశారు.

"డబ్బులొద్దు సారూ. మాది తొమ్మిదో తరగతి. ఒక్క పీరియడు సెప్పండి, గేటు తీసేత్తాం."

"ఇవాళ నేను లీవులో ఉన్నానమ్మా," అన్నారాయన.

మూడేళ్ళుగా బడి మొహం చూడని మనిషి, లీవు రూలును ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో చూశారా? దుంగ కదల్లేదు. వెనక బండ్ల హారన్లు మొదలయ్యాయి. పక్క సీట్లో ఉన్న ఆయన భార్య సౌజన్య విసుక్కుంది.

"చెప్పేసి రండి, బేగి. అవతల గుహలు మూసేస్తారు."

దిగారు. కారు బానెట్ మీద పేరుకున్న దుమ్ములో వేలితో రాస్తూ మొదలుపెట్టారు. అమ్మాయిలు కారును ఆపారు, ఇది యాక్టివ్ వాయిస్. కారు అమ్మాయిల చేత ఆపబడింది, ఇది పాసివ్. అర్థం కాని పిల్లకు మళ్ళీ చెప్పారు. పోను పోను ఆయన గొంతు లేచింది, చేతులు ఆడాయి. హారన్లు ఆగిపోయాయి, బండ్లవాళ్ళు దిగి వచ్చి వింటున్నారు. నా వాదన ఇక్కడే కాస్త దెబ్బతింది. ఆయన ఎంత బాగా చెబుతారనుకున్నారు!

రాజకుమారి సంతోషించాలి కదా? కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇంతేనా సారూ? ఇంత సులువా? ఇది సెప్పినోల్లు లేకే గదా మా యప్ప తప్పింది."

కామేష్ గారు వేలికంటిన దుమ్ము రుమాలుతో తుడుచుకుని కారెక్కారు. మాట ప్రకారం పిల్లలు గేటు లేపారు. మర్నాడు తొమ్మిదో తరగతి మళ్ళీ లేచి గోడకు గుడ్ మార్నింగ్ చెప్పింది.

పండగ అయిపోయింది. వేటకు పోయిన మగవాళ్ళు తిరిగొచ్చారు. దుంగ మాత్రం తాళ్ళతో సహా రోడ్డు పక్కనే ఉంది. ఇంకా తీయలేదేమని సోమన్న గారు రాజకుమారిని అడిగారు.

"ఉండనీండి సారూ," అందా పిల్ల. "లెక్కల సారు కూడా ఎప్పుడో ఒకప్పుడు అరకు సూడ్డానికి వత్తారు గదా."