మడత పెట్టిన ఇరవై డాలర్లు

ఆదివారం పొద్దున్నే వెర్నా ప్రూయిట్ జామ్ సీసా మూత గురించి మొగుడితో గొడవపడింది. హోలిస్‌కు ఏ మూతనూ బిగించే అలవాటు లేదు, పైన కూర్చోబెట్టి వదిలేస్తాడు. ఆమె మూత పట్టుకుని సీసా ఎత్తింది. మూత చేతిలో ఉండిపోయింది, సీసా నేలమీద పడి పగిలింది.

"మూత పెట్టే ఉంది కదా," అన్నాడు హోలిస్, జామ్ అంటకుండా పాదాలు పైకెత్తుకుని.

"పెట్టడం వేరు, బిగించడం వేరు. చూసేవాళ్లకి మూత ఉన్నట్టు కనిపిస్తే చాలు నీకు."

మామూలుగా అయితే హోలిస్ మధ్యాహ్నం దాకా వాదించేవాడు. ఆరోజు తీరిక లేదు. అతను చర్చిలో సంఘ పెద్ద, ఆరోజు సువార్త ఆదివారం. సొంత ఖర్చుతో కరపత్రాలు అచ్చు వేయించి, అట్టపెట్టెకు టేపు అంటించి, దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అవి మామూలు కరపత్రాలు కావని, ప్రెస్సువాడు చేతికిస్తే తనే పోల్చుకోలేకపోయానని పదేపదే చెప్పాడు. వెర్నా నేల తుడుస్తూ ఊఁ కొట్టింది. ఆమె ఆలోచనంతా ట్వైలా మీద ఉంది.

వాళ్లు నడిపే డైనర్, ఊరివాళ్లు తినడానికొచ్చే చిన్న భోజనశాల, వెర్నా తండ్రిది. పెళ్లయ్యాక బోర్డు మీద హోలిస్ తన పేరు రాయించుకున్నాడు గానీ, దస్తావేజులు ఆమె పేరునే ఉన్నాయి, జీతాల లెక్కా ఆమే చూస్తుంది. ట్వైలా ఆ తండ్రి కాలం నుంచీ అక్కడ వడ్డిస్తోంది. ఆ రాష్ట్రంలో వడ్డించేవాళ్లకు గంటకు రెండు డాలర్లూ కొంత చిల్లరా ఇస్తే చాలు, మిగతాది తినడానికి వచ్చినవాళ్ల టిప్పులతో నిండుతుందని చట్టం. అలా నిండక, వారం తిరిగేసరికి కనీస వేతనానికి తక్కువ పడితే, ఆ తేడా యజమాని ఇచ్చుకోవాలని కూడా అదే చట్టం. హోలిస్ ఈ నిబంధనలో మొదటి సగం శ్రద్ధగా చదివాడు.

ఆ వారమంతా మంచుతుఫానుకు రోడ్లు గడ్డకట్టి డైనర్‌లో ఈగ వాలలేదు. హైవే పక్క హోటల్‌వాళ్లు నిండు జీతమిస్తాం రమ్మని ట్వైలాను పిలిచారు, ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. ఆమె వంటగదిలో వెర్నాతో మెల్లగా అంది, "ఆదివారం ఎలా ఉంటుందో చూసి చెప్తానక్కా. వెళ్లాలని నాకూ లేదు. కానీ ఇంటాయన అద్దె అడిగితే ఎండిపోయిన పాన్‌కేకులు ఇవ్వలేను కదా." ట్వైలా వెళ్లిపోతే ఆ టేబుళ్ల మధ్య తిరగాల్సింది వెర్నా మోకాళ్లే. ఆమెకు నిండు జీతమిద్దామని వెర్నా ముందురోజే మొగుణ్ని అడిగింది. మన ఊరివాళ్ల ప్రేమని చట్టంతో కొలుస్తావా అని హోలిస్ నొచ్చుకున్నాడు.

ఆదివారాలు వెర్నా చర్చికి వెళ్లదు, డైనర్‌లో బిస్కెట్లు కాల్చాలి. అక్కడ ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది. పాస్టరు గారు తలా కాసిని కరపత్రాలు పంచి, ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోవద్దని, పొద్దుగూకేలోగా నశించిపోతున్న ఒక ఆత్మ చేతికి చేరాలని గట్టిగా చెప్పారట. పెట్రోలు బంకులో, బట్టలు ఉతుక్కునే షాపులో పెడతారని హోలిస్ అనుకున్నాడు. కానీ ఆ సంఘమంతా ప్రతి ఆదివారం చర్చి మెట్లు దిగి తిన్నగా ప్రూయిట్ డైనర్‌కే వస్తుంది. అక్కడ వాళ్లకు దొరికే ఆత్మ ట్వైలా ఒక్కతే.

మధ్యాహ్నానికి డైనర్ కిక్కిరిసిపోయింది. వెర్నాకు వంటగది కిటికీలోంచి ముందుగా కనిపించింది ట్వైలా మొహం. అది గడియగడియకూ వెలిగిపోతోంది. ప్రతి ప్లేటు కిందా మడత పెట్టిన ఇరవై డాలర్ల నోటు అంచు కనబడుతోంది. విప్పి చూసుకునే తీరిక ఎక్కడిది, ఏప్రాన్ జేబులో కుక్కుకుంటూ పోతోంది.

"ఇవాళ పాస్టరు గారు ఏం చెప్పారక్కా వీళ్లకి? ఓపల్ గారు కూడా ఇరవై పెట్టారు."

ఓపల్ అంటే హోలిస్ తల్లి. పావలా టిప్పు పెట్టి, అందులో చిల్లర రాదా అన్నట్టు చూసే మనిషి. వెర్నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ అవతల బిస్కెట్లు మాడుతున్నాయి.

ట్వైలా వంటగది ఫోన్లోనే హోటల్‌కు ఫోన్ చేసి, తను రావడం లేదు, వేరే ఎవరినైనా చూసుకోమంది. గల్లాపెట్టె దగ్గర హోలిస్ కూడా నోట్ల అంచులు చూస్తూనే ఉన్నాడు. పాస్టరు గారి భుజం మీద చెయ్యేసి, ఇలాంటి ఊళ్లో చట్టాలెందుకండీ అన్నాడు.

అప్పుడే బయటి ఊరి లారీడ్రైవరు ఒకడు వంద డాలర్ల నోటిచ్చాడు. గల్లాలో చిన్న నోట్లు అయిపోయాయి. హోలిస్ ట్వైలాను ఆపి, నాలుగు ఇరవైలు అప్పడిగి, మడత విప్పకుండానే డ్రైవరు చేతిలో పెట్టాడు.

డ్రైవరు లారీ దాకా వెళ్లి, వెళ్లినదానికంటే వేగంగా తిరిగొచ్చాడు. కౌంటరు దగ్గర ఆపిల్ పై అనే తీపి వంటకం తింటున్న షెరీఫ్ ఆఫీసు పోలీసు డిప్యూటీ ముందు నోట్లన్నీ పడేసి, ఇక్కడ దొంగనోట్లు చెలామణి చేస్తున్నారన్నాడు. డిప్యూటీ ఫోర్కు పక్కన పెట్టి ఒక నోటు మడత విప్పాడు. పైకి ఇరవై డాలర్ల బొమ్మ, లోపల కరపత్రం. ఊరందరికీ వినబడేలా చదివాడు.

"నిరాశపడ్డారా? ఎన్నడూ నిరాశపరచని ఐశ్వర్యం ఒకటుంది. ఆదివారం ఆరాధనకు రండి. ముద్రణ సహాయం: బ్రదర్ హోలిస్ ప్రూయిట్, ప్రూయిట్ డైనర్." ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దొంగనోటు మీద పేరూ అడ్రసూ వేసుకున్నవాణ్ని నా సర్వీసులో చూళ్లేదు, హోలిస్."

డ్రైవర్ని చల్లబరచడానికి గల్లా అడుగున దాచిన అసలు నోట్లతోపాటు పీకాన్ పై ఒకటి పూర్తిగా కట్టివ్వాల్సి వచ్చింది. ఈలోగా ట్వైలా ఏప్రాన్ జేబు కౌంటరు మీద బోర్లించింది. ఒక్కొక్కటే విప్పుతూ వరసగా పేర్చింది. అన్నీ కరపత్రాలే.

"ఆరాధనకి రమ్మని ఇంతమంది పిలిచారు, సంతోషం," అంది చివరికి. "ఆ టైముకి నేనిక్కడ మీకోసం టేబుళ్లు తుడుస్తుంటాను. బాప్తిస్మం అంటారా, హోలిస్ గారికంటే ముందే తీసుకున్నా. ఈ ఊరి ఏట్లోనే."

అందరికీ ఒక్కసారిగా కారు తాళాలు ఎక్కడ పెట్టామో చూసుకోవాల్సిన అవసరం వచ్చింది. కొందరు తలొంచుకుని నిజం నోట్లు పెట్టి వెళ్లారు. ఓపల్ ఒక డాలరు పెట్టి, తన కరపత్రం వెనక్కి తీసుకుంది, ఇంకెవరికైనా పనికొస్తుందని.

వంటగదిలో హోలిస్ గొంతు తగ్గించి అన్నాడు, "పోనీలే. హోటల్‌వాళ్లకి వద్దని చెప్పేసింది కదా. ఇంకెక్కడికి పోతుంది?"

పొద్దున నేలమీద జామ్‌ను చూసినట్టు చూసింది వెర్నా అతన్ని. తర్వాత ఆ నిబంధనలో రెండో సగం చదివి వినిపించింది. మంచు వారం, ఈ ఆదివారం కలిపి చూస్తే టిప్పులు ఏ మూలకూ రావని, ఆ తేడా డైనరే ఇచ్చుకోవాలని చెప్పింది.

"మరి ఈ కరపత్రాలు? వీటికి విలువ కట్టలేం తెలుసా?"

"కిరాణా కొట్టువాడు కడితే నేనూ కడతా."

రాత్రి భోజనానికి వెర్నా ట్వైలాను ఇంటికి పిలిచింది. ఓపల్ పిలవకుండానే వచ్చింది. హోలిస్ చేసిన ప్రార్థన ఎంత సాగిందంటే వేపుడు చికెన్ చల్లారిపోయింది. అతను ఆమెన్ అనగానే వెర్నా బీన్స్ గిన్నె అందిస్తూ మొదలుపెట్టింది.

"రేపట్నుంచి ట్వైలాకి నిండు జీతం. టిప్పులు దానిమీద అదనం. దస్తావేజులు ఎవరి పేరున ఉన్నాయో ఎవరికైనా సందేహముంటే తెచ్చి చూపిస్తా." ఎవరికీ సందేహం కలగలేదు. "ఇంకోటి. ఊరంతా ట్వైలాని ఆరాధనకి పిలిచింది, వెళ్లకపోతే బాగోదు. ఇకనుంచి ఆదివారాలు తను చర్చికి వెళ్తుంది. టేబుళ్లు హోలిస్ చూసుకుంటాడు."

హోలిస్ నమలడం ఆపాడు. "మరి నాకేమిస్తావ్?"

"ఓనరువి, నీకు జీతమేంటి? టిప్పులు తీసుకో. మన ఊరివాళ్ల ప్రేమ ఉండనే ఉంది."

"చర్చి అవ్వగానే అందరితో కలిసి నేనూ తినడానికి వస్తా," అంది ట్వైలా, కార్న్‌బ్రెడ్‌కు వెన్న రాసుకుంటూ. "కిటికీ పక్క టేబుల్ ఉంచండి హోలిస్ గారూ. నా కాఫీ కప్పు ఖాళీ అవకుండా చూడాలి మరి."

ఓపల్‌కు చెవులు కాస్త మందం, విషయం సగమే అందింది. వడ్డించే పని ఇక కొడుకుదన్నమాట వరకు అర్థమైంది. తినడం ముగించి, మూతి తుడుచుకుని, పర్సు తెరిచి, మడత పెట్టిన ఇరవై డాలర్ల నోటొకటి ప్లేటు కిందకి తోసింది.

హోలిస్ దాన్ని విప్పి చూడలేదు.