ముక్కు తెరుచుకున్నాకే సంతకం

"నా ముక్కు తెరుచుకుని, స్వయంగా వాసన చూసి నిర్ధారించుకునేంత వరకు ఏ మురుగు కాలువ ఫైలు మీదా సంతకం చేయను" అని పారిశుద్ధ్య శాఖామాత్యులు ప్రజల సమక్షంలో ప్రతిజ్ఞ చేశారు.

మర్నాడు పత్రికలన్నీ ఈ ప్రతిజ్ఞను మొదటి పేజీలో వేశాయి. రాసి పంపింది నేనే. మంత్రిగారి పేషీలో ప్రకటనలు రాసే ఉద్యోగం నాది. చెప్పుడు మాటలు విని ఎక్కడ పడితే అక్కడ సంతకాలు గీకేసే నాయకులున్న ఈ రోజుల్లో, సొంత ముక్కును తప్ప ఇంకొకరి ముక్కును నమ్మని మనిషి దగ్గర పనిచేయడం నా అదృష్టమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

సంగతేమిటంటే, బస్ డిపో వెనక సందులో కొత్తగా వేసిన మురుగు కాలువ, వేసిన కొద్దికాలానికే కుంగిపోయి నీళ్ళు రోడ్డెక్కాయి. సందులో జనం కిటికీలు తీయడం మానేశారు. పిల్లలకి జ్వరాలు ఒక పట్టాన తగ్గడం లేదు. మేము అద్దెకుండేది ఆ సందులోనే కాబట్టి ఇవన్నీ నాకు ఆఫీసుకు వెళ్ళకముందే తెలుస్తాయి. అక్కడ బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. సందంతా మిషనత్త అంటారు. కాలువ బాగుచేసే ఫైలు మీద సంతకం పెట్టమని ఆమె ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని మంత్రిగారి బంగళా మీదికి వెళ్ళింది. ఆ వెళ్ళినవాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది.

మంత్రిగారు ఎంత సహృదయులంటే, అప్పటికప్పుడు కారెక్కి సందులోకి వచ్చారు. కాలువ అంచున నిలబడి కళ్ళు మూసుకున్నారు. గుండెల నిండా గాలి పీల్చబోయారు. గాలి లోపలికి వెళ్ళలేదు.

"దాకేబీ వాసద రావట్లేదే," అన్నారు.

ఆయనకి చాలాకాలంగా ముక్కు దిబ్బడ. ఎన్ని రుతువులు మారినా అది మారలేదు. మ, న అనే అక్షరాలు ఆయన ముక్కు దాటే దారి లేక బ, ద లుగా వేషం మార్చుకుని నోటి వెంట వచ్చేవి.

ఆయన పి.ఎ. వైపు తిరిగి, "దీకు వస్తోందా?" అని అడిగారు.

పి.ఎ. ముక్కు మీంచి జేబురుమాలు తీయకుండానే, "మీకు రానిది నాకెలా వస్తుంది సార్?" అన్నాడు.

"బరి దేదెలా సంతకం పెట్టేది?" అన్నారు మంత్రిగారు ఎంతో బాధగా. ప్రతిజ్ఞ ఆ బాధలోంచే పుట్టింది.

"ఆస్పత్రిలో చూపించుకోకూడదా బాబూ," అంది మిషనత్త.

పి.ఎ. ఆమెను పక్కకి తీసుకెళ్ళి పరిస్థితి వివరించాడు. ఆస్పత్రులు ఆరోగ్య మంత్రిగారివి. ఆయనకీ మాకూ పడదు. ఆయన ఆస్పత్రిలో మా ముక్కు తెరుచుకుంటే ఆ పేరంతా ఆయనకే పోతుంది. "అందుకే సార్ ప్రజల వంటిళ్ళలోంచి వచ్చిన వైద్యం తప్ప ఇంకోటి ముట్టరు. మీకు తెలిసిన చిట్కాలు పట్టుకురండి. ముక్కు తెరిపించుకునే బాధ్యత మీదే."

జనం ఆ బాధ్యతను నెత్తినేసుకున్నారు. బంగళా గేటు ముందు బారులు తీరారు. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకోమని ఒకరు, ముక్కులో ఉప్పునీళ్ళు పోసుకుని తల అటు వంచమని ఇంకొకరు. అల్లం రసం తెచ్చినవాళ్ళున్నారు. మిరియాలు నమిలి మింగమన్నవాళ్ళున్నారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన మంత్రిగారిని తలకిందులుగా నిలబెడతానన్నాడు. ఆయన్ని మర్యాదగా బయటికి పంపించారు. "దా బుక్కు ప్రజలకే అంకితం" అని మంత్రిగారు అన్న మాటను అపార్థం చేసుకుని ఒక పుస్తక ప్రచురణకర్త పూలగుత్తితో వచ్చాడు. మంత్రిగారు ఆయన్ని నిరాశపరచలేదు. మొదటి అధ్యాయం రాసే పని నాకు అప్పగించారు.

అయితే మంత్రిగారి ముక్కు జాతి సంపద. దాంట్లోకి ఏది పడితే అది వదలకూడదని పి.ఎ. ఒక ఏర్పాటు చేశాడు. ప్రతి చిట్కా ముందు సిబ్బంది మీద ప్రయోగించాలి. మొదటి ఉల్లిపాయకే డ్రైవరు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. నేను మిగిలాను.

నా ముక్కుకి పుట్టి బుద్ధెరిగాక ఏ జబ్బూ లేదు. అయినా ఊళ్ళో ఉన్న చిట్కాలన్నీ దానికే పట్టించారు. ఇక అది తెరుచుకోవడం మొదలుపెట్టిందంటే ఆగలేదు. బస్సు దిగకముందే మా సందు ఎంత దూరంలో ఉందో తెలిసిపోయేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

"వైద్యం మంత్రిగారికా, మీకా?" అంది మా ఆవిడ ఒకరోజు.

"ప్రస్తుతం పరీక్షల దశలో ఉంది," అన్నాను.

"ఆయనకెప్పుడు మొదలవుతుందంట?"

"నాకు పూర్తయ్యాక."

"పిల్లకి మళ్ళీ ఒళ్ళు కాలుతోంది," అని నా కంచం తీసేసింది.

ఆఫీసులో మాత్రం వాతావరణం ఉత్సాహంగా ఉండేది. మంత్రిగారికి సంఘీభావంగా అధికారులందరూ "బంచిది సార్, తప్పకుండా చేద్దాబ్ సార్" అనడం అలవాటు చేసుకున్నారు. పాతకాలం గుమాస్తా ఒకాయన పట్టుబట్టి "మంచిది సార్" అంటూ వచ్చాడు. ఆయన్ని మారుమూలకి బదిలీ చేశారు.

మిషనత్తకి ఓపిక తక్కువ. ఒకరోజు కాగులో సలసల కాగే నీళ్ళు, దుప్పటి పట్టుకుని నేరుగా మంత్రిగారి గదిలోకి వచ్చేసింది.

"పరీక్షలు పెట్టడానికి ఇదేమన్నా బడా? తల వంచు నాయనా," అంది.

పి.ఎ. అడ్డం వెళ్ళేలోపే మంత్రిగారు దుప్పటి కింద ఉన్నారు. ఆమె చెయ్యి ఆయన మెడ మీద ఉంది.

"చాలబ్బా," అన్నారు దుప్పటిలోంచి.

"ఇంకాస్త ఓర్చుకో. మా పిల్లల కోసం."

కాసేపటికి మంత్రిగారు ఉడికిన దుంపలా బయటికి వచ్చారు. గోడ మీది ఫొటోలు అదిరేలా తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. తర్వాత, "అమ్మా, మంచినీళ్ళు," అన్నారు.

గదిలో ఉన్నవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మ మ గానే వచ్చింది. న కూడా.

మిషనత్త సంబరపడిపోతూ గ్లాసు తీసుకుని దగ్గరికి వెళ్ళింది. మంత్రిగారి మొహం చిట్లింది. కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఏంటీ కంపు?" అన్నారు.

"మా సందే నాయనా. ఎంత ఉతికినా బట్టల్ని వదలదు," అంది మిషనత్త తృప్తిగా.

పి.ఎ. ఆమెను బయటికి పంపి తలుపేశాడు. "సార్, ఆ కాలువ వేయించింది మీ బావమరిదిగారు," అన్నాడు మెల్లగా.

"నాకు తెలుసు," అన్నారు మంత్రిగారు. కొంచెం ఆలోచించి, "దాకు తెలుసు," అని సవరించుకున్నారు.

"లాభం లేదు సార్. ఈపాటికి ఆవిడ ఊరంతా చెప్పేసి ఉంటుంది. పైగా మీరు కంపు అన్నారు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"సార్ అన్నది కంపు కాదు," అన్నాడు పి.ఎ. "గుంపు. జనాన్ని చూసి ఆప్యాయంగా 'ఏంటీ గుంపు' అన్నారు. అలా రాసెయ్."

రాసేశాను. కానీ గేటు బయట సందు జనమంతా చేరి, ముక్కు తెరుచుకుంది కదా, వచ్చి వాసన చూడమని కేకలేస్తున్నారు. పి.ఎ.కి చెమటలు పట్టాయి. ఆ క్షణంలో మంత్రిగారిలోని నాయకుడు బయటికొచ్చాడు.

"కంగారెందుకయ్యా? ముక్కు తెరుచుకుంటే వాసన చూస్తానన్నాను. చూస్తాను. వాసన వస్తుందని నేనెప్పుడైనా అన్నానా?"

ప్రజాస్వామ్యాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న మనిషిని నేను చూడలేదు.

మర్నాడు సందులో, సరిగ్గా కాలువ మీదనే వేదిక వేశారు. దాని మీద ఎర్ర తివాచీ పరిచారు. చుట్టూ పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టారు. మంత్రిగారు మైకు పట్టుకుని అందరూ చూస్తుండగా గట్టిగా గాలి పీల్చారు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. కాస్త తూలి, పి.ఎ. భుజం పట్టుకున్నారు.

"నా ముక్కు సంపూర్ణంగా తెరుచుకుంది," అన్నారు ఊపిరి బిగబట్టి. "మిషనత్తగారికి పాదాభివందనం. ఇప్పుడు పూర్తి బాధ్యతతో చెప్తున్నాను. ఇక్కడ ఏ వాసనా లేదు."

జనంలోంచి మిషనత్త ముందుకొచ్చింది.

"మరి కళ్ళెందుకు కారుతున్నాయి నాయనా?"

"మీ అభిమానానికి."

"ఒక్క ముక్కు మాట మీద తేల్చేస్తే ఎలా? ఇంకో ముక్కుని అడగండి."

"తప్పకుండా," అన్నారు మంత్రిగారు. పి.ఎ. నన్ను వేదిక మీదికి తోశాడు.

"ఇతను మీ సందువాడే. మీరు తెచ్చిన చిట్కాలన్నీ ఇతని ముక్కులోంచే వెళ్ళాయి. మా శాఖలో ఇంతకంటే తెరుచుకున్న ముక్కు లేదు," అని మంత్రిగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చెప్పవయ్యా. వాసన వస్తోందా?"

మా ఆవిడ ముందు వరసలోనే ఉంది. పిల్ల ఆమె భుజం మీద వాలి ఉంది. ఆమె నాకు ఏ సైగా చేయలేదు. ఊరికే చూస్తోంది. నా ముక్కుకి తివాచీ కింద ఏముందో, కాలువ ఎక్కడ పగిలిందో, దాంట్లో ఏమేం కలుస్తున్నాయో విడివిడిగా తెలుస్తున్నాయి. మైకు నా నోటి దగ్గరికి వచ్చింది.

"రావట్లేదు సార్," అన్నాను.

చప్పట్లు ఫ్యాన్ల దగ్గర నిలబడ్డ మా సిబ్బంది వైపు నుంచి వచ్చాయి.

ఆ సందుని ఆదర్శ పరిమళ వీధిగా ప్రకటించారు. ప్రకటన నేనే రాశాను. మంత్రిగారు నా సేవలు మరిచిపోలేదు. సాయంత్రానికల్లా గుట్ట మీద, నాలుగు వైపులా గాలి వీచే చోట నాకు క్వార్టరు మంజూరైంది. సామాన్లకి లారీ కూడా పంపించారు.

మా ఆవిడ పిల్లని ఒళ్ళో వేసుకుని మిషనత్త గుమ్మంలో కూర్చుని ఉంది.

"పద, మంచి ఇల్లొచ్చింది. కిటికీలన్నీ తీసుకోవచ్చు," అంటూ దగ్గరికి వెళ్ళాను.

ఆమె చేత్తో ముక్కు మూసుకుంది.

ఆ సందులో ఇన్నాళ్ళు కాపురం చేసినా ఆమె ముక్కు మూసుకోవడం నేనెన్నడూ చూడలేదు. బహుశా జలుబు చేసి ఉంటుంది. కాస్త ఆవిరి పట్టమని చెప్పి, లారీ ఎక్కాను.