తేదీ తెలియని ఫ్రిజ్

రెండువేల సంవత్సరం రాబోతోందని జాంబియా మొత్తంలో అందరికన్నా ముందు కనిపెట్టినది మా జిల్లా ఆరోగ్య కార్యాలయమే. సంవత్సరాన్ని చివరి రెండంకెలతో గుర్తుపెట్టుకునే కంప్యూటర్లు సున్నాలు చూసి తికమకపడి ఆగిపోతాయట. వైద్యసేవలను కాపాడేందుకు వెంటనే సహస్రాబ్ది సన్నాహక సంఘం ఏర్పడింది. జిల్లాలో ఉన్న కంప్యూటరు ఒక్కటే. దానిమీద లేసు గుడ్డ, గుడ్డమీద ప్లాస్టిక్ పూలు. (పూలు వాడలేదు కనుక యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు సంఘం నిర్ధారించింది.)

మా దగ్గర సమావేశంలో కూర్చున్నవారికి కూర్చున్నందుకు భత్యం ఇస్తారు. ప్రమాదం పెద్దది కనుక సంఘం చాలాసార్లు కూర్చుంది. చివరికి డబ్బు చాలక క్లినిక్కుల కిరోసిన్ పద్దును కూడా కలిపేసుకుంది.

సియాంబిజి క్లినిక్ నర్సు ముటింటాకు ఈ సంగతి కిరోసిన్ రానప్పుడు తెలిసింది. అక్కడ కరెంటు లేదు. టీకాల ఫ్రిజ్ కిరోసిన్ దీపంతో నడుస్తుంది. కొత్త సంవత్సరం రాగానే తల్లులు తట్టు టీకా కోసం పిల్లల్ని వీపున కట్టుకుని వస్తారు. భర్త చూల్వే తొక్కే సైకిలు వెనక కూర్చుని ఆమె జిల్లా కార్యాలయానికి బయల్దేరింది. కొత్తగా పెళ్లయినవాళ్లు. అతను దారంతా పాడాడు, ఆమె అతని చొక్కా పట్టుకుని నవ్వింది. (ఈ ఖర్చు ఏ పద్దు కిందా రాదు.)

"కిరోసిన్ సరే సిస్టర్, మీ ఫ్రిజ్ రెండువేలకు సిద్ధంగా ఉందా?" అన్నాడు సంఘాధ్యక్షుడు బా హమూంగా.

"దానికున్నది ఒత్తి ఒక్కటేనండీ. తేదీతో పనిలేదు."

"అంటే దానికి తేదీ తెలియదన్నమాట!"

"తెలియదు."

"తేదీ తెలిసినవే తికమకపడుతుంటే, అసలు తెలియనిది ఏం చేస్తుందో నువ్వు చెప్పగలవా?"

పక్కనున్న సంఘ కార్యదర్శి భయంతో తింటున్న బన్ను కింద పెట్టేశాడు.

ఖాళీ చేతులతో తిరిగొచ్చి, ఇంట్లో దీపం కోసం ఉంచుకున్న కిరోసిన్ ఫ్రిజ్ దీపంలో పోశారు భార్యాభర్తలు.

"చీకట్లో నా మొక్కజొన్న న్షిమా ముద్ద నీ నోట్లోకి పోతోంది" అన్నాడు చూల్వే.

"పోనీవయ్యా, నాకింకా ఆకలిగానే ఉంది!"

డిసెంబరు చివర్లో సంఘం క్లినిక్ ముందు జీపు దిగింది. తేదీ తెలియని యంత్రాలన్నిటినీ ఏడాది ముగిసేలోగా ఆపేయాలన్నది కొత్త నియమం. బా హమూంగా స్వయంగా వంగి దీపం ఊదేశాడు.

"అయ్యో, లోపల టీకాలున్నాయండీ!"

"వాటిమీద తేదీ ఉందా?"

"ఉంది. వచ్చే అక్టోబరు దాకా."

"చూశావా? అవి రెండువేలకు సిద్ధమే. ఇక నీకెందుకు బెంగ?"

"ఈ ఎండకు పాడైపోతాయి!"

"ఎండ మా పరిధిలోకి రాదు సిస్టర్."

ఫ్రిజ్‌కు తాళం వేసి, తాళంచెవినీ దీపాన్నీ ముందుజాగ్రత్తగా జీపులో తీసుకుపోయారు. ముటింటా ఫ్రిజ్ తలుపుమీద చెయ్యి పెట్టి నిలబడింది. సాయంత్రానికి ఆ తలుపు ఆమె చేతికన్నా వెచ్చగా ఉంది.

కొత్త సంవత్సరం వచ్చింది. తేదీ కారణంగా జిల్లాలో ఒక్క యంత్రమూ ఆగలేదని సంఘం నివేదించింది. (ఫ్రిజ్ అంతకుముందే ఆగింది. కంప్యూటరును ఎవరూ ఆన్ చేయలేదు.) రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. టీకాలు రాలేదు.

ఫిబ్రవరిలో సియాంబిజిలో తట్టు సోకి నలుగురు పిల్లలు చనిపోయారు. అవి కంప్యూటరు మరణాలు కావు గనుక సంఘం లెక్కలోకి తీసుకోలేదు.