ఎలుకలకు నయమైపోయింది!

నయంకాని నరాల జబ్బులకు మందు దొరకాల్సిన పనే లేదు. దొరకబోతోందన్న వార్త ఉంటే చాలు!

ఆలోచించండి. మందును వేళకు మింగాలి, వార్తను పొద్దున్నే కాఫీతో పాటు తాగేయొచ్చు. మందు వికటించవచ్చు, వార్త వికటించిందని విన్నామా? మందు పనిచేయకపోతే డాక్టరును తిడతాం. వార్త పనిచేయకపోతే తిట్టడానికి ఎవరూ దొరకరు. వారం తిరక్కుండా ఇంకో వార్త వస్తుంది!

ఈ మహత్తరమైన వైద్యం చేస్తున్న ఒక పెద్దమనిషి సంగతి మీకు చెప్పాలి. ఆయన ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్. మంగళవారం ఆరోగ్యం పేజీ ఆయనది. పన్నెండేళ్లుగా ఆయన చేతిలో పడి బతికి బట్టకట్టిన జబ్బు ఒక్కటీ లేదు. ఎక్కడో ల్యాబులో కొత్త కణాలు ఎక్కించాక పదకొండు ఎలుకలు కాస్త తిన్నగా నడిచాయని కబురొస్తుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని "వణుకుడు జబ్బుకు ఇక సెలవు!" అని హెడ్డింగ్ కొడతాడు. కింద "మరో అయిదేళ్లలో అందుబాటులోకి" అని ఒక ముక్క తగిలిస్తాడు. ఆ అయిదేళ్లు పన్నెండేళ్ల నుంచీ అయిదేళ్లే! లోకంలో వయసు పెరగనిది అదొక్కటే కదా!

ఆయనకో అక్క ఉంది. కుట్టు నేర్పే టీచరు. వీధి వైపు గదిలో ఆరు మిషన్లు, గోడకు కాగితం కటింగులు. కబుర్లు చెబుతూనే, అటు చూడకుండానే సూదిలో దారం ఎక్కించేది. ఒకనాడు దారం సూది పక్కనుంచి పోయింది. నవ్వేసింది. మర్నాడూ పోయింది. మూడు నెలలు తిరిగేసరికి, ఊరికే ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి దానంతటది వణకసాగింది.

నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, అన్నాడు. "పూర్తిగా పోదమ్మా. మాత్రలు వేళకు వేసుకోండి. వ్యాయామం మానకండి. చాలా ఏళ్లు మీ పని మీరు చేసుకోవచ్చు."

ఎంత చప్పటి మాటో చూశారా? ఒక్క ఆశ్చర్యార్థకం లేదు! తమ్ముడు అంతటివాడై ఉండగా ఇలాంటి మాట ఎవరు చెవిన పెడతారు? అక్క పాత మంగళవారం పేజీ వెతికి తీసి దిండు కింద పెట్టుకుంది. మాత్ర ఒక పూట వేసుకుని ఒక పూట మానేది. వ్యాయామం జోలికే పోలేదు. రేపో మాపో బాగయ్యే చేతికి కసరత్తెందుకు?

ఒక శనివారం తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మిషన్లు అమ్మేస్తున్నా. నువ్వు రాశావే ఆ కణాలు, అవి ఎక్కించే చోటు దొరికింది. తోడు రా."

నరాల రోగుల కోసమే కట్టిన ఆ సెంటరుకు తొమ్మిది పాలరాతి మెట్లు. చక్రాల కుర్చీకి దారి లేదు! లోపల చేపల తొట్టి, మెత్తటి సోఫాలు, గోడ మీద జబ్బుల జాబితా. వణుకు, పక్షవాతం, మతిమరుపు, మోకాళ్ల నొప్పి, బట్టతల. అన్నిటికీ ఒకటే ఇంజెక్షన్. జాబితా పక్కన బంగారు రంగు ఫ్రేములో తమ్ముడి హెడ్డింగ్. కింద అతని పేరు.

నిజం చెప్పాలంటే, మొదట అతనికి ఒళ్లు పొంగింది. తన రాతకు ఫ్రేము కట్టించినవాళ్లు అంతవరకు లేరు. ఆ తర్వాతే, అది చదివి ఇక్కడ ఎంతమంది డబ్బు కట్టారోనన్న ఆలోచన వచ్చింది.

టై కట్టుకున్న కౌన్సెలర్ వచ్చి కూర్చున్నాడు. "మీ పొట్ట కొవ్వులోంచే కణాలు తీస్తాం మేడమ్. నడుములోంచి ఎక్కిస్తాం. అవి మెదడుకెళ్లి పాడైన చోట సర్దుకుంటాయి."

"వాటికి దారెవరు చెప్తారు బాబూ?"

"వాటికే తెలుసు మేడమ్."

మూడుసార్లు ఫోన్ చేసి చెప్పినా కొరియర్ మనిషికి మన ఇల్లు దొరకదు. కొవ్వుకు దొరికిందట!

అక్క వణికే చేతిని రెండో చేత్తో అదిమి పట్టుకుంది. "ఇప్పుడు నా వణుకెంతో కొలుచుకున్నారా?"

"అంటే మేడమ్?"

"నేను కుట్టుపని చేసేదాన్ని. ముందు కొలత రాసుకోకపోతే, తర్వాత వదులైందో బిగుతైందో ఎలా తెలుస్తుంది? ఇది ఎక్కించాక తగ్గిందని దేన్ని బట్టి చెప్తారు?"

కౌన్సెలర్ చిరునవ్వు చెక్కు చెదరలేదు. "పాజిటివ్‌గా ఉండాలి మేడమ్. నమ్మకముంటేనే కణాలు పనిచేస్తాయి."

పాపం, ఆ పదకొండు ఎలుకలకు ఎంత నమ్మకముండేదో!

తమ్ముడు ఇక పట్టలేకపోయాడు. "లే అక్కా, వెళదాం. ఇదంతా మోసం."

"మోసమా? గోడ మీద నీ పేరుందిరా."

"మనుషుల మీద ఇంకా పరీక్షించలేదని చివర్లో రాశానక్కా."

అక్క లేచి వెళ్లి ఫ్రేముకు ముక్కు ఆనేలా నిలబడి చదివింది. "ఏదీ? ఎక్కడా?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. పేజీ కట్టే సాయంత్రం పరుపుల ప్రకటన ఒకటి వచ్చిపడింది. నాలుగు లైన్లు తగ్గించాలన్నారు. ఆ నాలుగు లైన్లూ తన చేత్తో తనే కోసేశాడు.

"చోటు చాల్లేదక్కా."

"ఇంత లావు హెడ్డింగుకి చాలిందే!"

తొమ్మిది మెట్లూ అతని భుజం పట్టుకునే దిగింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అంది: "నీ వార్తలో పేరుందే, ల్యాబులో ఆ పరిశోధన చేసే డాక్టరమ్మ, ఆవిడకి ఫోన్ కలుపు. నాకు వినబడేలా పెట్టు."

డాక్టరమ్మ గొంతులో విసుగూ ఉంది, జాలీ ఉంది. "మీ తమ్ముడు వార్త రాసినప్పుడే అరగంట చెప్పానమ్మా. పని నిజంగానే జరుగుతోంది. ఇప్పుడు కొద్దిమంది మనుషులకీ ఎక్కించాం. హాని ఉందా లేదా అని చూస్తున్నాం. ఒకరిద్దరు తేలిగ్గా ఉందంటున్నారు. అది కణాల వల్లేనని ఇంకా చెప్పలేను."

"ఎప్పటికొస్తుందమ్మా మా దాకా?"

"నాకు తెలీదమ్మా."

అక్క మొహం తేటపడింది. "కొలుచుకుంటున్నారన్నమాట. మంచిది తల్లీ, కానివ్వండి" అంది. ఫోన్ పెట్టేశాక దిండు కింది కాగితం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

మిషన్లు అమ్మలేదు. మాత్రలు వేళకు పడుతున్నాయి. ఇక మిగిలింది వ్యాయామం. సోమవారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. వ్యాయామం గదికి తాళం. బయట బెంచీ మీద ఆరుగురు రోగులు.

"ఫిజియో మేడమ్ బదిలీ అయ్యి రెండేళ్లయింది. కొత్తవాళ్లను వేయలేదు" అంది ఆయా.

"మరి మీరంతా ఎందుకొస్తున్నారు?" అని అడిగాడు తమ్ముడు.

"ఎప్పుడైనా తీస్తారేమోనని" అన్నాడు ఒక రిటైరైన లారీ డ్రైవరు. అడుగు నేలకు అతుక్కుపోయినప్పుడు గచ్చు మీద గీత కనిపిస్తే దాన్ని దాటడం సులువవుతుందని ఆయనే చెప్పాడు.

అక్క సంచిలోంచి బట్ట మీద గీసే సుద్ద తీసింది. తమ్ముణ్ణి వంగమంది. అడుగు దూరానికో గీత చొప్పున వరండా పొడవునా గీయించింది. "ఒకటి, రెండు" అని ఆవిడ లెక్కపెడుతుంటే ఆరుగురూ గోడ పట్టుకుని గీతలు దాటారు. చివరికి చేరాక లారీ డ్రైవరు వెనక్కి తిరిగి, గోడ వదిలేసి నడిచాడు.

తమ్ముడు ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని అదంతా రాశాడు. "నరాల రోగుల వ్యాయామం గదికి రెండేళ్లుగా తాళం" అని హెడ్డింగ్ పెట్టాడు. ఎడిటర్ చదివి కాగితం వెనక్కి నెట్టాడు.

"రెండేళ్ల నుంచీ వేసే ఉందిగా! ఇందులో కొత్తేముందయ్యా?"

మరి ఎడిటర్ మాట న్యాయమే కదా! కణాలు ఎప్పుడో వస్తాయి కాబట్టి అది వార్త. ఒక ఉద్యోగిని వేస్తే ఆ గది రేపే తెరుచుకుంటుంది. రేపే అయిపోయే పనిని అద్భుతమని ఎవరు ఒప్పుకుంటారు?