ఇంటింటికీ నాలుగు చక్రాలు

ఎల్క్ హాలో పట్టణంలో ఇకమీదట ఇల్లు లేని మనిషి ఉండడానికి వీల్లేదని మేయర్ డ్వైట్ హాలొరన్‌గారు ఆగస్టు మొదటి మంగళవారం కౌన్సిల్ సమావేశంలో ప్రకటించారు. ప్రకటించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ప్రకటించారు. మొదటిసారి ప్రకటించినప్పుడు పత్రిక ఫోటోగ్రాఫర్ కెమెరాలో బ్యాటరీ మార్చుకుంటున్నాడు.

కొలరాడో కొండల్లో ఉన్న ఆ ఊరికి ఇళ్ళ కొదవేమీ లేదు. మనుషులు నాలుగు వేలు, ఇళ్ళు ఐదు వేలు. కాకపోతే అందులో మూడు వేల ఇళ్ళు, మంచు మీద జారడానికి ఏడాదికి రెండు వారాలు వచ్చే పెద్దమనుషులవి. మిగిలిన యాభై వారాలూ ఆ ఇళ్ళు విశ్రాంతి తీసుకుంటాయి. వాటిని ఊడ్చేవాళ్ళూ, వాటి ముందు మంచు ఎత్తేవాళ్ళూ, ఆ పెద్దమనుషులకు వండిపెట్టేవాళ్ళూ మాత్రం కార్లలో పడుకుంటారు. సెప్టెంబరు ఆఖరికల్లా పనివాళ్ళ కోసం నలభై ఇళ్ళు చూపించాలని రాష్ట్ర ప్రభుత్వం గడువు పెట్టింది. ఆ గడువుకూ తన ప్రకటనకూ సంబంధం లేదని, ఎవరూ అడక్కముందే మేయర్‌గారు చెప్పారు.

"వాళ్ళ కష్టం తెలియాలంటే వాళ్ళలా బతకాలి. నేను ముప్పై రోజులు చిన్న ఎస్‌యూవీలో కాపురం చేస్తాను" అన్నారాయన. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

వెనక వరసలో వెర్నా టాలివర్ కూడా కొట్టింది. ఆమె బడి వంటశాలలో వంటమనిషి. యాభై ఆరేళ్ళు. అద్దెకున్న ఇల్లు ఐదేళ్ళ కిందట ఎవరిదో సెలవుల ఇల్లు అయిపోయిన దగ్గర నుంచి, చర్చి పక్క కంకర స్థలంలో తన చిన్న ఎస్‌యూవీలోనే ఉంటోంది. పాత ఫైరు స్టేషను మేడ మీద మునిసిపాలిటీ వాళ్ళు ఇల్లు లేనివాళ్ళ కోసం ఆరు ఫ్లాట్లు కట్టారు. రంగులు కూడా ఆరిపోయాయి. అక్టోబరులో ఇస్తారు. జాబితాలో వెర్నాది నాలుగో పేరు. ఆ మాటే ఒకసారి గుర్తుచేద్దామని ఆవేళ సభకు వచ్చింది. ప్రజలు మాట్లాడడానికి మనిషికి మూడు నిమిషాలిస్తారు. ఆమె వంతు మూడు నిమిషాలూ చప్పట్లకే సరిపోయాయి.

దేవుడు అన్నీ చూస్తాడనే వెర్నా నమ్మకం. కౌన్సిల్ సమావేశాలు కూడా చూస్తాడా అన్నది మాత్రం ఆమె ఇంకా తేల్చుకోలేదు.

మర్నాడు సాయంత్రం మేయర్‌గారి ప్రచార అధికారి ట్రిష్ చర్చి స్థలానికి వచ్చింది. తెల్ల ప్యాంటు, చేతిలో ట్యాబ్లెట్.

"కారులో ఉండేది ఎవరండీ ఇక్కడ?"

పక్క కారులోంచి ఆర్విల్ తల బయటికి పెట్టాడు. ముప్పై ఏళ్ళు మునిసిపాలిటీలో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. "పదకొండు మందిమి ఉన్నాం తల్లీ. ఏ సైజు కావాలి?"

"కారుని ఇల్లులా బాగా అమర్చుకున్నవాళ్ళు కావాలి. మేయర్‌గారి కారుని కూడా అలా తయారుచెయ్యాలి."

"అయితే వెర్నాదే. మా అందరిలోకీ జమీందారు ఆవిడే."

వెర్నా వెనక తలుపు ఎత్తి చూపించింది. చూపించమంటే ఆమెకు ముచ్చటే. వెనక సీట్లు ఊడదీసి, ప్లైవుడ్ చెక్కతో మంచం తనే కొట్టుకుంది. దాని కింద రెండు సొరుగులు. ఒకటి లాగితే పొయ్యి, గిన్నెలు. ఇంకొకటి లాగితే బట్టలు, బైబిలు. అద్దాల కొలతకు కత్తిరించిన వెండిరేకు అట్టలు చలిని ఆపుతాయి. ముందు సీట్ల వెనక మందపాటి తెర. ముందు సీటు పక్కన చిన్న బ్యాటరీ, దానికో దీపం, ఓ బుల్లి ఫ్యాను.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది ట్రిష్. "మేయర్‌గారికి అచ్చం ఇలాంటిదే కావాలి. కాకపోతే ఇంకాస్త ఎక్కువగా."

ఆమె వెళ్ళాక ఆర్విల్ అన్నాడు, "చెయ్యకు వెర్నా. ఆయనకి పరుపు వేసి పెడితే ఆయన నిద్రపోతాడు గానీ మేలుకోడు."

"పోనీలే ముసలోడా. ఆరడుగుల మనిషి. ఒక్క రాత్రి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడంటే, తెల్లారేసరికి ఆ ఆరు ఫ్లాట్లూ వాటంతటవే తెరుచుకుంటాయి."

"ప్రార్థనలో తేలిందా ఇది?"

"కాదు. నా మోకాళ్ళే చెప్పాయి."

శని, ఆదివారాల్లో, ఆరాధన అయ్యాక, మునిసిపల్ షెడ్డులో పని సాగింది. చెక్కలు పట్టుకోవడానికి ఆర్విల్ కూడా వచ్చాడు, వద్దన్నవాడే. మేయర్‌గారు స్వయంగా వచ్చి పర్యవేక్షించారు. అంత పెద్ద పదవిలో ఉండి ఒక మేకు దగ్గర అంతసేపు నిలబడిన నాయకుణ్ణి ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

"ఇది పడకగది. సరే. భోజనాల గది ఎక్కడ?"

"ఇదేనండీ."

"హాలు?"

"లేచి కూర్చుంటే ఇదే హాలండీ."

"లేచి నిలబడితే?"

"నిలబడకూడదండీ."

మేయర్‌గారు ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. "నిలబడకూడదు! ఎంత వినయం నేర్పే ఇల్లు! ట్రిష్, ఇది ప్రసంగంలో పెట్టు."

"రాత్రి రెండు కిటికీలు వేలెడు సందు తీసి ఉంచుకోండి. లేకపోతే మన ఊపిరే నీళ్ళయి అద్దాల మీద గడ్డకడుతుంది" అని వెర్నా చెప్పింది.

"నా ఒక్కడి ఊపిరి అంత పని చేస్తుందా?"

"మీదైతే నాలుగు కిటికీలూ తీసుకోవాలండీ" అన్నాడు ఆర్విల్ మేకులు పళ్ళ మధ్య పట్టుకుని.

అప్పుడు మేయర్‌గారు బాత్రూమ్ సంగతి అడిగారు. వెర్నా కాస్త మొహమాటపడి మూతబిగించే బకెట్టు చూపించింది. ఆయన ఆ బకెట్టు వంక చాలాసేపు చూశారు. ప్రజాజీవితంలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. చివరికి ట్రిష్ గొంతు సవరించుకుంది. "ఆ అంశాన్ని రెండో దశలో చేపడదాం సార్."

రెండో దశ మర్నాడే వచ్చింది. కారు వెనక తగిలించడానికి ఒక ట్రెయిలరు బండి. అందులో బాత్రూమ్. తరవాత కాఫీ మిషను కోసం బ్యాటరీ పెంచారు. బ్యాటరీ కోసం ఇంకో ట్రెయిలరు కావలసి వచ్చింది. మొత్తానికి మేయర్‌గారి నిరాడంబర జీవితం అరవై అడుగుల పొడవు తేలింది.

తీరా మొదటి రాత్రే చిక్కొచ్చింది. ఊళ్ళో వీధుల్లో గానీ బహిరంగ స్థలాల్లో గానీ వాహనంలో నిద్రపోకూడదని ఒక ఆర్డినెన్సు ఉంది. రెండేళ్ళ కిందట దాని మీద సంతకం పెట్టింది మేయర్‌గారే. చర్చి స్థలం బహిరంగ స్థలం కాదు గనక అందులో పెట్టుకుందామంటే, అంత పొడుగు ఇల్లు అక్కడ పట్టదు. చట్టం ముందు అందరూ సమానమే గనక మేయర్‌గారు తన కారుని తన సొంత గ్యారేజీలోనే పెట్టుకున్నారు. అది నాలుగు కార్ల గ్యారేజీ. నేల అడుగున వేడినీళ్ళ గొట్టాలున్నాయి.

ముప్పై రోజులూ పత్రికలో రోజుకో ఫోటో వచ్చింది. మేయర్‌గారు కారులో పళ్ళు తోముకుంటున్నది. కారులో చదువుకుంటున్నది. కారు అద్దంలోంచి దూరంగా చూస్తున్నది. అద్దం అవతల ఉన్నది గ్యారేజీ గోడే అయినా ఆ చూపులో దార్శనికత ఏమీ తగ్గలేదు. గాలి ఆడాలని వెర్నా చెప్పింది గనక, గ్యారేజీలోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు రాత్రిళ్ళు తెరిచే ఉంచారు. గాలితోపాటు ఆయన కూడా అటే వెళ్ళేవారని ఇల్లు తుడిచే ఆమె చర్చిలో చెప్పింది. ఆమె కూడా కారులోనే ఉంటుంది గనక ఆమె మాటలో అసూయ ఉండవచ్చునని ట్రిష్ వివరణ ఇచ్చింది.

ముప్పయ్యో రోజు విలేకరుల ముందు మేయర్‌గారి కళ్ళు చెమర్చాయి.

"ముప్పై రోజుల్లో నాకు ఒక్క లోటు కనబడలేదు. పడక ఉంది, పొయ్యి ఉంది, గాలి ఉంది. ఇల్లంటే ఇంతకంటే ఏమిటి? ఇన్నాళ్ళూ మనం ఇల్లు లేనివాళ్ళంటూ ఎవరిని చూసి బాధపడ్డామో, వాళ్ళకి ఇళ్ళున్నాయి! వాళ్ళ ఇళ్ళని గుర్తించకపోవడం మన తప్పు. నన్ను క్షమించమని వాళ్ళని వేడుకుంటున్నాను."

ఆ సాయంత్రమే తీర్మానం చేశారు. పడుకునే చోటు, వండుకునే చోటు, గాలి ఆడే మార్గం, బయటపడడానికి రెండు దారులు ఉన్న వాహనాన్ని ఇకనుంచి నివాసగృహంగా లెక్కిస్తారు.

రెండు రోజుల తరవాత ఎక్లండ్ అనే ఇళ్ళ తనిఖీ ఇన్‌స్పెక్టర్ కొలత టేపు తీసుకుని చర్చి స్థలానికి వచ్చాడు. పెద్దమనిషి, మాట మెత్తన.

ఆర్విల్ కంగారుగా వెర్నా దగ్గరికి వచ్చాడు. "పరుపు తీసి నా డిక్కీలో పడెయ్. సొరుగులకి తాళం వెయ్యి. కారు ఖాళీగా కనబడాలి."

"దేనికి?"

"ఇల్లు అని రాశాడంటే జాబితాలో నీ పేరు ఉంటుందా పిచ్చిదానా?"

వెర్నా సొరుగు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. "చర్చి గోడ పక్కన నిలబడి అబద్ధం ఎలా చెప్పను ఆర్విల్?"

"చెప్పకు. పరుపుని చెప్పనీ."

కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి టోపీ తీసి, "ఇదంతా మీరే చేశారా అమ్మా?" అన్నాడు. ఐదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి అధికారి ఆయనే. వెర్నా సొరుగులు లాగి చూపించింది. మంచం కోళ్ళు కదలకుండా ఎలా బిగించిందో చూపించింది. ఇన్‌స్పెక్టర్ టేపు పట్టాడు.

"పడక ఆరడుగులు. గాలికి కిటికీలు, ఫ్యాను. బాగుంది. బయటికి పక్క తలుపులన్నీ కలిపి ఒక దారి. రెండో దారి ఉందా?"

వెనక తలుపు లోపల నుంచి తెరుచుకోదు. చాలా కార్లకు తెరుచుకోదు. అక్కడ వెర్నా ఊరుకుని ఉంటే సరిపోయేది. ఇన్‌స్పెక్టర్ పెన్ను కూడా అక్కడ ఆగింది.

"నేను గొళ్ళానికి తాడు కట్టానండీ" అంది వెర్నా. "లోపల పడుకుని లాగినా తెరుచుకుంటుంది. చూడండి." లాగి చూపించింది. తలుపు సాఫీగా పైకి లేచింది.

"ఊళ్ళో ఇంతకంటే మంచి ఇల్లు నేను చూడలేదమ్మా" అన్నాడాయన. నిజంగానే అన్నాడు. నూటికి నూరు వేసి, అద్దానికి ఆకుపచ్చ స్టిక్కరు అంటించాడు.

తరవాత ఆర్విల్ కారు. సీట్లన్నీ నిటారుగా ఉన్నాయి. ఆర్విల్ స్టీరింగు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మీరు ఇక్కడ ఉంటున్నారా?"

"లేదండీ. ఒకాయన కోసం చూస్తున్నాను."

"ఎంతసేపటి నుంచి?"

"మూడేళ్ళ నుంచి."

ఇన్‌స్పెక్టర్ 'సందర్శకుడు' అని రాసుకున్నాడు. సందర్శకులు ఊరివాళ్ళు కారు గనక ఆర్విల్ పేరు ఆ సాయంత్రమే జాబితాలోంచి పోయింది. వెర్నాకు మాత్రం ఉత్తరం వచ్చింది. 'మీరు గృహస్థులైనందుకు అభినందనలు. ఇల్లు లేనివారి జాబితా నుంచి మీ పేరు సంతోషంతో తొలగిస్తున్నాము.'

ఊరంతా లెక్కిస్తే అరవై ఒక్క చక్రాల ఇళ్ళు తేలాయి. రాష్ట్రం అడిగింది నలభై. ఎల్క్ హాలో ఒక్క ఇటుక పేర్చకుండా అరవై ఒకటి కట్టింది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం చర్చి స్థలంలో గృహప్రదాన మహోత్సవం. నూటికి నూరు వచ్చింది గనక వెర్నా ఇంటినే ఎంచుకున్నారు. కారు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. ముందు వరస కుర్చీల్లో సెలవుల ఇళ్ళ పెద్దమనుషులు కూర్చున్నారు.

"మీ కారు తాళం ఒక్క నిమిషం ఇస్తారా?" అని ట్రిష్ అడిగి తీసుకుని, దానికి పట్టు రిబ్బను ముడివేసి మేయర్‌గారికి అందించింది.

మేయర్‌గారు మైకు పట్టుకున్నారు. "మన ప్రభువు పశువుల కొట్టంలో పుట్టాడు. చోటు చిన్నదని చింతించాడా?"

వెర్నా తల వంచుకుని వింది. సత్రంలో చోటు లేకపోయిందన్న మాట ఆమె చిన్నప్పటి నుంచీ చదువుతున్నదే. ఆ సత్రంవాడు కొట్టానికి రిబ్బను కత్తిరించినట్టు మాత్రం ఎక్కడా చదివిన గుర్తు లేదు.

రిబ్బను తెగింది. మేయర్‌గారు వెర్నా అరచేతిలో తాళం పెట్టి, తన రెండు చేతులతో మూశారు. ఫోటోగ్రాఫర్ ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టారు.

"ఎలా ఉందమ్మా సొంత ఇల్లు?"

"మేయర్‌గారూ, ఫైరు స్టేషను మేడ మీద ఫ్లాట్లు..."

"జాబితాలో ఎవరూ మిగల్లేదమ్మా. చక్రాల ఇళ్ళ శాఖ ఆఫీసు అందులో పెడుతున్నాం. అరవై ఒక్క ఇళ్ళు చూసుకోవాలి కదా." ఆయన గొంతు మెత్తబడింది. "అయినా ఒక్క మనిషికి రెండేసి ఇళ్ళు ఎందుకు చెప్పు?"

ముందు వరస పెద్దమనుషులు నిండు మనసుతో తలలు ఊపారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

ట్రిష్ వెర్నా చెవి దగ్గరికి వంగింది. "ఇంకో చిన్న విషయం. చర్చి స్థలంలో కార్లు నిలపొచ్చు గానీ, ఇళ్ళు ఉండకూడదు. ఇవాళ్టి నుంచి మీది ఇల్లు కదా. సభ అయ్యేలోపు తీసేస్తే బాగుంటుంది."

"ఎక్కడికి తీసుకెళ్ళను?"

మేయర్‌గారికి ఆ మాట వినబడింది. ఆయన మొహం వెలిగిపోయింది. మైకు మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు.

"అదేనమ్మా ఈ ఇంటి గొప్పతనం! ఎక్కడికైనా!"

వెర్నా తాళానికున్న పట్టు రిబ్బను విప్పింది. తరవాత తలుపు తీసుకుని కూర్చుని ఇల్లు స్టార్ట్ చేసింది. జనం రెండు పక్కలకీ జరిగి దారి ఇచ్చారు. ఆర్విల్ ఒక్కడే దారి మధ్యలో నిలబడిపోతే, ట్రిష్ అతన్ని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చింది. ఇల్లు నెమ్మదిగా గేటు దాటి, బడి పక్కన మలుపు తిరిగింది. అది కనబడకుండా పోయేదాకా మేయర్‌గారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.